కంటిలో లేని దోషం: మొయమొయ వ్యాధి చరిత్ర

పదేండ్ల పిల్లవాడొకడు పుస్తకం చదువుతూ ప్రతి పంక్తిలోనూ చివరి మాటలు వదలివేస్తున్నాడనుకొందాం. పంతులుగారు పరధ్యానమని మందలిస్తారు. తల్లిదండ్రులు కంటి వైద్యుని వద్దకు తీసుకొనిపోతారు. వైద్యుడు దీపం వేసి చూసి, కటకం నిర్మలంగా ఉన్నదని, నేత్రపటలం ఆరోగ్యంగా ఉన్నదని, కంటిలో దోషమేమీ లేదని చెబుతాడు. దానితో అనుమానం మళ్లీ పిల్లవాని మీదకే వస్తుంది. కాని పిల్లవాడు అబద్ధమాడడం లేదు, వైద్యుడూ పొరబడలేదు. కన్ను బాగుండగానే చూపు పోవడం సాధ్యమే.

కన్ను కెమెరా వంటిదని తరగతిలో చెబుతాము. పోలిక మంచిదే గాని అందులో ఒక లోటున్నది. బొమ్మ పడినంత మాత్రాన చూపు పూర్తి కాదు. ఆ బొమ్మను అందుకొని అర్థం చేసుకొనేది మెదడు. మెదడును బ్రతికించేది రక్తం. కావున చూపు లోపానికి మూలం కన్నులో ఉండవచ్చు, మెదడులో ఉండవచ్చు, మెదడుకు రక్తం తెచ్చే ధమనులలోనూ ఉండవచ్చు. ఈ చిన్న వాక్యం వ్రాయగలగడానికి శాస్త్రజ్ఞులకు రెండున్నర శతాబ్దాలు పట్టింది. చివరి మెట్టును చక్కగా చూపించేది మొయమొయ అనే అరుదైన వ్యాధి చరిత్ర.

సగం చూపు

1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ గ్రంథం చివర న్యూటన్ కొన్ని ప్రశ్నలు చేర్చాడు. వాటిలో ఒకటి దృక్‌నాడులను గురించినది. రెండు కళ్ల నుండి బయలుదేరిన నాడులు మెదడును చేరకముందే ఒకచోట కలుసుకొంటాయి. ఆ కూడలిలో ప్రతి నాడిలోని పోగులు సగం మాత్రమే అవతలి పక్కకు దాటుతాయని, రెండు కళ్ల కుడి సగాల నుండి వచ్చేవన్నీ మెదడు కుడి పక్కకు, ఎడమ సగాల నుండి వచ్చేవన్నీ ఎడమ పక్కకు పోతాయని ఆయన ఊహించాడు. కటకం బొమ్మను తారుమారు చేస్తుంది గనుక, మన ఎదుట ఎడమ పక్కన ఉన్నదంతా మెదడు కుడి భాగానికి, కుడి పక్కన ఉన్నదంతా ఎడమ భాగానికి చేరుతుంది.

నూరేండ్ల తర్వాత ఈ సంగతి ఒక రసాయన శాస్త్రజ్ఞునికి స్వానుభవం వలన తెలిసి వచ్చింది. ఆయన పెల్లేడియం, రోడియం లోహాలను కనుగొన్న ఆంగ్లేయుడు విలియం హైడ్ వోలాస్టన్. ఒకనాడు ఉన్నట్టుండి ఆయనకు ఎదుటి మనిషి ముఖంలో సగమే కనబడింది. కొంతసేపటికి చూపు సర్దుకొన్నది. చాలా ఏండ్ల తర్వాత మరొకసారి అటువంటి అవస్థే వచ్చింది. ఈసారి ఒక తలుపుపైన వ్రాసి ఉన్న ‘జాన్సన్’ అన్న పేరు చదవబోతే ‘సన్’ మాత్రమే కనబడింది. ఏ కన్ను మూసి ఏ కంటితో చూసినా అంతే. రెండు కళ్లూ ఒకేసారి, ఒకే పక్క, ఒకే తీరున చెడిపోవు గదా! కావున చెడినది నాడులు కలుసుకొన్న కూడలికి వెనుక ఎక్కడో ఉండాలని ఆయన నిర్ణయించి, 1824లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. 1828లో ఆయన మరణించినప్పుడు మెదడులో కంతి ఉన్నట్లు బయటపడింది.

ఈ తర్కం నేటికీ వైద్యులకు మొదటి ఆధారం. ఒక కంటిలోనే చూపు తగ్గితే దోషం ఆ కంటిలోనో, దాని నాడిలోనో వెదకాలి. ఏ కంటితో చూసినా ఒకే పక్క సగం కనబడకపోతే మెదడులో వెదకాలి.

మెదడులో చూపుకు చోటు

అయితే మెదడులో ఎక్కడ? 1776లో ఇటలీలోని పార్మా నగరంలో వైద్యవిద్యార్థిగా ఉన్న ఫ్రాన్సెస్కో జెన్నారి, గడ్డకట్టించిన మెదడును కోసి పరీక్షిస్తూ, దాని వెనుక భాగపు పై పొరలో ఒక సన్నని తెల్లని చారను చూశాడు. దాని ప్రయోజనమేమో ఆయనకు తెలియలేదు. నూరేండ్లకు పైగా గడచిన తర్వాత స్వీడన్ వైద్యుడు సాలొమన్ హెన్షెన్, సగం చూపు పోయి మరణించిన రోగుల మెదళ్లను పరిశీలించి, దెబ్బ తిన్న తావు ఆ చార ఉన్న ప్రాంతమేనని తేల్చాడు. తల వెనుక, పిడికిలి పెట్టి తాకగల ఎముకకు లోపలి పక్కన చూపుకు కేంద్రమున్నది.

ఆ కేంద్రంలో ఏ మూల ఏ భాగాన్ని చూస్తుందో పటం గీసినవారిలో మొదటివాడు జపాను నేత్రవైద్యుడు తాత్సుజి ఇనోయె. 1904-05లో జరిగిన రష్యా-జపాను యుద్ధంలో రష్యన్ తుపాకుల సన్నని గుండ్లు అతివేగంగా తలలో దూరి ఆవలి పక్కకు పోయేవి. అట్లా గాయపడి బ్రతికిన సైనికులు పలువురు. వారికి పింఛను నిర్ణయించే నిమిత్తం చూపు ఎంత పోయిందో కొలవవలసిన పని ఇనోయెకు అప్పగించారు. గుండు ప్రవేశించిన చోటు, వెడలిన చోటు కలుపుతూ లెక్క కట్టి, మెదడులో ఏ తావు దెబ్బ తింటే ఎదుటి దృశ్యంలో ఏ ముక్క మాయమవుతున్నదో ఆయన గుర్తించి, 1909లో గ్రంథంగా ప్రకటించాడు. పింఛను లెక్కల కొరకు మొదలైన పని దృష్టిశాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటయింది.

మెదడు కింది వలయం

చూపుకు చోటు దొరికింది. ఆ చోటికి రక్తం ఎట్లా వస్తుందో తెలియడానికి ఇంకా వెనుకకు పోవాలి.

మెదడుకు రక్తం నాలుగు ధమనుల ద్వారా వస్తుంది. మెడకు ఇరుపక్కల వేలు ఆనించితే కొట్టుకొనేవి గ్రీవాధమనులు. ఒక్కొక్కటి పైకి పోతూ రెండుగా చీలుతుంది. బాహ్యశాఖ ముఖానికి, నెత్తి చర్మానికి రక్తమిస్తుంది. అంతరశాఖ పుర్రెలోకి దూరి, కంటికి ఒక కొమ్మనిచ్చి, మెదడు ముందు భాగాలను పోషిస్తుంది. మిగిలిన రెండు ధమనులు వెన్నుపూసల రంధ్రాల గుండా ఎక్కివచ్చి, ఒకటిగా కలిసి, మళ్లీ చీలి మెదడు వెనుక భాగానికి పోతాయి. చూపు కేంద్రం ప్రధానంగా ఈ వెనుక ధమనుల మీద ఆధారపడి ఉన్నది.

ముందు ధమనులూ వెనుక ధమనులూ మెదడు అడుగున సన్నని నాళాలతో ఒక వలయంగా కలిసి ఉంటాయి. ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రకటించిన మెదడు నిర్మాణ గ్రంథంలో దీనిని సవివరంగా వర్ణించాడు. తర్వాత లండనులో సెయింట్ పాల్స్ ఆలయాన్ని కట్టిన క్రిస్టఫర్ రెన్ ఆ గ్రంథానికి బొమ్మలు గీశాడు. వలయం ఎందుకున్నదో విల్లిస్ గ్రహించాడు. వేరొక జబ్బుతో మరణించిన ఒక మనిషి శవాన్ని కోసి చూడగా ఒక పక్క గ్రీవాధమని పూర్తిగా మూసుకొనిపోయి ఉన్నది. అయినా అతనికి బ్రతికి ఉండగా పక్షవాతం రాలేదు. ఒక దారి మూసుకొంటే మరొక దారిన రక్తం వచ్చేందుకే ఈ వలయమని విల్లిస్ చెప్పాడు.

ఈ వలయంలోనే చిక్కు వస్తే ఏమవుతుందన్నది మూడు వందల ఏండ్ల తర్వాత వచ్చిన ప్రశ్న.

బ్రతికిన మనిషి మెదడులో రక్తనాళాల చిత్రం

1895లో ఎక్స్-కిరణాలు వెలువడినా, ఎముక మాత్రమే నీడగా పడేది. రక్తనాళాలు కనబడేవి కావు. 1927లో పోర్చుగల్ రాజధాని లిస్బనులో ఎగాస్ మోనిజ్ అనే నాడీవైద్యుడు, ఎక్స్-కిరణాలను అడ్డగించే సోడియం అయొడైడ్ ద్రావణాన్ని గ్రీవాధమనిలోకి ఎక్కించి, వెంటనే చిత్రం తీశాడు. బ్రతికిన మనిషి మెదడులోని ధమనులు చెట్టు కొమ్మలవలె చిత్రంలో కనబడినవి. ఈ ధమనీచిత్రణ పద్ధతి లేకపోతే మన కథలోని వ్యాధికి ఉనికే తెలిసి ఉండేది కాదు.

పందొమ్మిది ఏండ్ల ఫిర్యాదు

1957లో జపాను వైద్యులు తకేయుచి, షిమిజు ఒక రోగి వృత్తాంతం ప్రకటించారు. అతని వయస్సు 29 ఏండ్లు. పదవ ఏట నుండి అతనికి చూపులో లోపమున్నది. అప్పటి నుండే శరీరంలో ఒక పక్కకు మూర్ఛలు వచ్చేవి. ధమనీచిత్రం తీయగా, రెండు వైపులా అంతర గ్రీవాధమనులు పుర్రెలో సన్నగిల్లి ఉన్నవి. పుట్టుకతోనే అవి సరిగా ఎదగలేదని వారు భావించి, వ్యాసానికి ఆ అర్థం వచ్చే పేరే పెట్టారు.

ఈ వ్యాధిని గురించి వ్రాతలో నిలిచిన మొదటి ఫిర్యాదులలో చూపు లోపం ఒకటని గమనించాలి. పదవ ఏట మొదలైన లోపానికి కారణం ఇరవై తొమ్మిదవ ఏట తెలిసింది. నడుమ పందొమ్మిది ఏండ్లు. అది వైద్యుల అశ్రద్ధ కాదు. ఆ కాలానికి ఆ వ్యాధి ఉన్నదనే ఎవరికీ తెలియదు.

తరువాతి పదేండ్లలో జపానులోని వేరు వేరు ఆసుపత్రుల నుండి ఇటువంటి రోగుల వృత్తాంతాలు వెలువడసాగినవి. ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు పెట్టారు. 1968లో కుడో అనే వైద్యుడు అమెరికా పత్రికలో వ్రాస్తూ, ఇది జపాను వారికే పరిమితమైన వ్యాధిగా కనబడుతున్నదన్నాడు. ఆ అభిప్రాయం నిలువలేదు. కొరియా, చైనాలలోనూ, యూరప్, అమెరికాలలోనూ, మన దేశంలోనూ ఈ రోగులు కనబడినారు. అయితే తూర్పు ఆసియాలోనే ఎక్కువ అన్నమాట మాత్రం నిజం. అక్కడ కూడ ఇది అరుదే. 1994లో జపానులో జరిపిన దేశవ్యాప్త పరిశీలనలో లక్ష జనాభాకు సుమారు ముగ్గురు రోగులున్నట్లు తేలింది. పురుషులకంటె స్త్రీలు ఎక్కువ.

పొగకు పేరు

సెండాయి నగరంలోని తోహోకు విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడు జిరో సుజుకి. ఆయన, సహచరుడు తకాకు కలిసి ఎందరో రోగుల చిత్రాలను వరుసగా పేర్చి చూశారు. ఒకే రోగికి కొన్నేండ్ల వ్యవధితో తీసిన చిత్రాలూ అందులో ఉన్నవి. దానితో ఒక క్రమం బయటపడింది. మొదట అంతర గ్రీవాధమని చివరి భాగం సన్నబడుతుంది. తర్వాత మెదడు అడుగున వెంట్రుకల వంటి సన్నని నాళాలు గుబురుగా పుట్టుకొని వస్తాయి. పెద్ద ధమనులు క్రమంగా మాయమవుతాయి. చివరకు ఆ గుబురూ తరిగిపోయి, ముఖానికి, నెత్తికి పోయే బాహ్య గ్రీవాధమని కొమ్మల నుండి మెదడు రక్తం తెచ్చుకోవలసి వస్తుంది. ఈ క్రమాన్ని సుజుకి ఆరు దశలుగా విభజించాడు. వైద్యులు నేటికీ ఆ దశలనే వాడుతున్నారు.

ఇందువలన ఒక ముఖ్యమైన సంగతి తేలింది. ఇది పుట్టుకతో ఎదగని ధమని కాదు. ఎదిగిన తర్వాత మూసుకొనిపోతున్న ధమని. రోగం నడుస్తున్నదంటే, నడుమ ఆపడానికి అవకాశమున్నదన్న మాట.

చిత్రంలో ఆ సన్నని నాళాల గుబురు, గాలిలో తేలియాడే చుట్టపొగ వలె కనబడేది. మసకమసకగా, పొగపొగగా ఉన్నదానిని జపాను భాషలో ‘మొయమొయ’ అంటారు. మన భాషలో వలెనే అదీ జంటమాటే. 1969లో అమెరికా నాడీవైద్య పత్రికలో ప్రకటించిన వ్యాసంలో సుజుకి, తకాకులు ఆ మాటనే వ్యాధికి పేరుగా వాడారు. లాటిన్, గ్రీకు పేర్లు నిండిన వైద్యశాస్త్రంలో ఒక ఆసియా భాష వాడుకమాట స్థిరపడింది.

పొగవంటి ఆ నాళాలు రోగం కావు. రోగానికి శరీరం వెదకుకొన్న ఉపాయం. పెద్దదారి మూసుకొనగా రక్తం సందుగొందుల గుండా పోవడానికి ప్రయత్నిస్తున్నది. కాని సన్నని గోడలు ఆ ఒత్తిడికి ఎల్లకాలం నిలువలేవు. పిల్లలలో ఎక్కువగా రక్తం చాలకపోవడం, పెద్దలలో పిల్లలకంటె ఎక్కువగా నాళం చిట్లి మెదడులో రక్తం చిందడం ఇందువలననే.

చూపు ఎందుకు పోతుంది?

వ్యాధి మూయునది ముందు ధమనులను. చూపు కేంద్రానికి రక్తమిచ్చేది వెనుక ధమనులు. అట్లయితే చూపు చెడడమెందుకు? ఈ ప్రశ్న సమంజసమైనదే. ముందు ధమనులు మూసుకొన్న కొద్దీ వెనుక ధమనుల మీద భారం పెరుగుతుంది. విల్లిస్ చెప్పినట్లు అవే తమ భాగం నుండి ముందు భాగాలకూ రక్తం పంచిపెట్టవలసి వస్తుంది. కొందరిలో రోగం వెనుక ధమనులకూ ప్రాకుతుంది. అప్పుడు ఇచ్చే చేయి, పుచ్చుకొనే చేయి రెండూ పడిపోయినట్లే. చూపు కేంద్రం దెబ్బ తిని ఒక పక్క సగం దృశ్యం మాయమవుతుంది. రెండు పక్కలా దెబ్బ తగిలితే కళ్లు నిర్మలంగా ఉండగానే అంధత్వం కూడ రావచ్చు. 1980ల దశకంలో జపాను శస్త్రవైద్యులు దృష్టిలోపాలకు, వెనుక ధమని రోగానికి గల ఈ సంబంధాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు.

వెనుక ధమని బాగున్నా ముప్పు తప్పకపోవచ్చు. డెల్టా రైతులకు శివారు భూముల కష్టం తెలుసు. కాలువలో నీరు తగ్గినప్పుడు ముందుగా ఎండేది తూము దగ్గరి పొలం కాదు, శివారు పొలం. మెదడులోనూ రెండు ధమనుల ఏలుబడి కలిసే పొలిమేరలున్నవి. కంటి నుండి చూపు కేంద్రానికి పోయే నాడీపోగులు కొంత మేర అటువంటి తావుల గుండానే పోతాయి. రక్తం తగ్గితే అవి ముందు అలమటిస్తాయి.

కంటికి పోయే కొమ్మ, సాధారణంగా ధమని మూసుకొనే చోటికి ముందే చీలిపోతుంది. అందువలననే మెదడు ఎండుతున్నా కన్ను పచ్చగా ఉంటుంది. వైద్యుడు కన్ను బాగున్నదనడానికి అసలు కారణమిదే. ఆ కొమ్మకు కూడ రక్తం చాలని సందర్భాలు లేకపోలేదు. అప్పుడు ఒక కంటికి తెర దించినట్లు కొద్ది నిమిషాలు చీకటి కమ్మి, తొలగిపోతుంది.

కంటిలోనే గుర్తు కనబడే సందర్భం ఒకటున్నది. దృక్‌నాడి కంటిలో ప్రవేశించే బిళ్ల కొందరిలో పుట్టుకతోనే గరాటువలె లోతుగా ఏర్పడి, చుట్టూ నాళాలు ఆకురేకలవలె విప్పారి ఉంటాయి. తూటిపువ్వు జాతికి చెందిన, ఉదయాన వికసించే ఒక పువ్వు పేరును 1970లో కిండ్లర్ అనే నేత్రవైద్యుడు దానికి పెట్టాడు. ఆ లోపమున్నవారిలో కొందరికి మొయమొయ వ్యాధి కూడ ఉన్నట్లు తర్వాత తెలిసింది. కావున ఆ ‘పువ్వు’ కనబడితే మెదడు ధమనులను కూడ పరీక్షించడం మంచిదని నేత్రవైద్యులు చెబుతారు.

ఊదితే వచ్చే ముప్పు

ఈ వ్యాధి ఉన్న పిల్లలకు చేయి చచ్చుబడడం, మాట తడబడడం, చూపు మసకబారడం వంటివి వచ్చి కొన్ని నిమిషాలలో సర్దుకొంటాయి. ఎప్పుడు వస్తున్నవో జపాను వైద్యులు ఆరా తీయగా విచిత్రమైన జాబితా తయారయింది: వెక్కివెక్కి ఏడ్చినప్పుడు, వేడి సేమ్యాల వంటి ఆహారాన్ని ఊదుకొని తినేటప్పుడు, బడిలో హార్మోనికా వంటి వాద్యాన్ని ఊదేటప్పుడు.

కారణం శరీరధర్మశాస్త్రం చదివిన విద్యార్థికి అందేదే. గట్టిగా, వెంటవెంటనే ఊదితే రక్తంలో కార్బన్ డై ఆక్సైడు తగ్గుతుంది. అది తగ్గితే మెదడు ధమనులు ముడుచుకొంటాయి. ఆరోగ్యవంతునికి మహా అయితే తల తిరుగుతుంది. అప్పటికే చాలీచాలని రక్తంతో నడుస్తున్న మెదడుకు ఆ కాస్త ముడుపే ఆపద. బుడగ ఊదినా, ఊదుగొట్టంతో పొయ్యి రాజేసినా జరిగేది అదే.

నెత్తి నుండి తెచ్చిన కాలువ

మూసుకొన్న ధమనిని తెరిచే మందు ఇంతవరకు లేదు. కాని శరీరమే చివరి దశలో బాహ్య గ్రీవాధమని నుండి రక్తం తెచ్చుకొంటున్నదని సుజుకి దశలు చూపాయి గదా! అదే పనిని ముందుగా మనం చేయరాదా? 1967లో జూరిచ్ నగరంలో శస్త్రవైద్యుడు యాసర్గిల్, సూక్ష్మదర్శిని కింద, కణత మీది చర్మపు ధమనిని మెదడు పైనున్న ధమనికి కుట్టి కలిపాడు. 1970ల దశకంలో ఈ పద్ధతి మొయమొయ రోగులకు వాడుకలోకి వచ్చింది. పసిపిల్లల ధమనులు కుట్టడానికి వీలులేనంత సన్నగా ఉంటాయి. జపాను వైద్యుడు మత్సుషిమా, ఆయన సహచరులు వారికొక సులువు కనిపెట్టి 1981లో వివరించారు. నెత్తి ధమనిని కోయకుండానే మెదడు పొరకు ఆనించి కుట్టి వదలుతారు. కొన్ని నెలలలో దాని నుండి కొత్త నాళాలు తమంతట తామే మెదడులోకి మొలకెత్తుతాయి.

2014లో ప్రకటించిన ఒక జపాను పరిశోధనలో, మెదడులో రక్తం చిందిన 80 మంది పెద్దలను రెండు బృందాలుగా చేసి చూడగా, శస్త్రచికిత్స పొందినవారిలో మళ్లీ రక్తం చిందడం తగ్గింది. 2011లో రెండు జపాను బృందాలు 17వ క్రోమోసోముపై ఈ వ్యాధికి సంబంధించిన జన్యువును గుర్తించాయి. కాని ఆ జన్యుభేదమున్న వారిలో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. రెండవ కారణమేమిటన్న ప్రశ్నకు ఇంకా జవాబు రావలసి ఉన్నది.

శస్త్రచికిత్స చేయగలదానికి ఒక హద్దున్నది. ఎండనున్న మెదడును అది కాపాడగలదు; ఎండిపోయిన దానిని చిగురింపజేయలేదు. ఒకసారి స్థిరంగా పోయిన సగం చూపు తిరిగి రావడం అరుదు. అందువలన వ్యాధిని గుర్తించడంలో ఆలస్యమే అసలు శత్రువు.

బడిలో చేయగలది

సగం చూపు పరీక్షకు యంత్రం అక్కరలేదు. పిల్లవానిని ఎదుట కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకొని మీ ముక్కునే చూడమనండి. మీ చేతిని పక్కకు చాచి వేలు ఆడించి, కనబడుతున్నదా అని అడగండి. కుడి, ఎడమ, పైన, కింద చూసి, రెండవ కంటితోనూ అట్లే చేయండి. రెండు కళ్లకూ ఒకే పక్క వేలు కనబడకపోతే, వోలాస్టన్ తర్కం గుర్తు చేసుకొని, వెంటనే వైద్యుని వద్దకు పంపాలి. ఇది రోగాన్ని నిర్ణయించే పరీక్ష కాదు. పంపవలసిన అవసరాన్ని చూపే పరీక్ష మాత్రమే. వేలు కనబడినంత మాత్రాన వచ్చిపోయే లోపాన్ని కొట్టివేయరాదు.

కొద్దిసేపు చూపు చెదరినంత మాత్రాన మొయమొయ అని భయపడనక్కరలేదు. పార్శ్వపు నొప్పి వలన అట్లా జరగడమే ఎక్కువ. కాని ఏడ్చినప్పుడో, ఊదినప్పుడో చేయి జారిపోవడం, మాట పడిపోవడం, ఒక పక్క కనబడకపోవడం జరిగితే, నిమిషాలలో తగ్గినా సరే, తగ్గిందిలే అని ఊరుకొనరాదు. ఇప్పుడు ధమనిలో మందు ఎక్కించకుండానే, అయస్కాంత క్షేత్రంతో పనిచేసే ఎం.ఆర్. యంత్రం మెదడు ధమనుల చిత్రాన్ని చూపగలదు. ఒక పూటలో తేలిపోయే విషయం.

1957 నాటి ఆ రోగికి తన లోపానికి కారణం తెలియడానికి పందొమ్మిది ఏండ్లు పట్టింది. న్యూటన్ ప్రశ్న మొదలు సుజుకి దశల వరకు ఇందరి కృషి ఆ పందొమ్మిది ఏండ్లను ఒక పూటకు తగ్గించింది. అయితే ఆ పూట రావాలంటే, సగం పంక్తి వదలివేస్తున్న పిల్లవానిని ఎవరో ఒకరు నమ్మాలి. ఆ పిల్లవానిని రోజూ చూసేది పంతులుగారే.